కాల్పనిక రాజ్యాన్ని చెరువు కట్ట నుంచి కట్టుకొచ్చే పద్ధతి

తెలుగులో ఫాంటసీ నవల రాయాలనుకునేవారిలో చాలామంది మొదట పటం గీస్తారు, ఆ తరువాత రాజవంశానికి పేర్లు పెడతారు, ఆపైన ఒక మహాయుద్ధాన్ని ఊహిస్తారు. ఇలా పుట్టిన రాజ్యంలో కోటలు, గుర్రాలు, శపథాలు ఉంటాయి గానీ, అక్కడి జనం ఏం తింటారో, ఎవరికి పన్ను కడతారో, ఎవరు ఎదురైతే దారి తప్పుకుంటారో రచయితకే తెలియదు. నల్లగొండ, పాలమూరు నేల తెలిసిన రచయితకు ఇంతకంటే గట్టి దారి ఉంది. సింహాసనాన్ని పక్కన పెట్టి, ముందు ఒక్క చెరువును ఊహించుకోవాలి. ఆ నీటి మీద ఎవరి హక్కు ఎంతో తేల్చుకుంటే సంస్కృతి, చరిత్ర, రాజకీయం దాని వెంటే వస్తాయి.

చెరువే ఎందుకంటే ఈ ప్రాంతపు రాజ్యాలన్నీ దాని మీదే నిలిచాయి. కృష్ణా, తుంగభద్రలు ఈ సీమ అంచునే పారుతున్నా లోతుగా పారతాయి, పొలాలు మాత్రం ఎత్తు మీద, రాతి నేలలో ఉంటాయి. పాలమూరులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడితే మంచి కాలమే అనుకోవాలి. కాబట్టి రాజు అనిపించుకోదలచిన ప్రతివాడూ వాన నీటిని ఆపి చూపించవలసి వచ్చింది. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు రాజధానిగా పాలించిన కందూరు చోడులు పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయాలను కట్టించారు. వాటికి దగ్గరలోనే వారి కాలపు ఉదయసముద్రం నేటికీ వాడుకలో ఉంది. గుడి, చెరువు, రాజధాని ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఆ పొందికను మీ రాజ్యానికి నమూనాగా తీసుకోవచ్చు.

ఇప్పుడు కాగితం మీద ఒక కట్ట, దాని మధ్యన పొలాలకు నీరు వదిలే తూము, ఒక చివరన నిండిన నీరు పొర్లిపోయే మత్తడి గీయండి. కట్టకు దిగువన చెరువు నీటితో పండే ఆయకట్టు, లోపలి వైపు నీరు నిలిచే శిఖం భూమి గుర్తించండి. చెరువు నిండిన ఏడాది శిఖం మునిగిపోతుంది, నిండని ఏడాది అదే భూమి ఒండ్రు తేలిన మంచి పొలం అవుతుంది. అంటే శిఖం దున్నుకునేవాడికి చెరువు నిండకపోవడం లాభం, ఆయకట్టు రైతుకు నిండడమే బతుకు. ఒకే ఊరిలో, ఒకే దేవతకు మొక్కుతూ, ఒకే వాన కోసం వీరిద్దరూ రెండు రకాలుగా కోరుకుంటారు. ఈ ఇద్దరికీ రాజసభలో ఒక్కొక్క మంత్రి అండ ఉన్నాడని అనుకుంటే చాలు, మీ రాజ్యంలో రెండు పక్షాలు పుట్టినట్టే. తూము తీసి మూసే నీరటికి, కట్ట మరమ్మతు చేసినందుకు దశబంధం మాన్యం అనుభవించే కుటుంబానికి, లెక్క రాసే కరణానికి ఎవరెవరితో బంధుత్వం, ఎవరెవరితో పగ ఉందో కూడా ఈ దశలోనే నిర్ణయించుకోవాలి.

ఒక్క చెరువు సరిపోదు గనుక దానికి మరికొన్నింటిని కలపండి. ఉదాహరణకు మనం కల్పించుకునే రాజ్యాన్ని ఏడుమత్తళ్ల సీమ అందాం. ఏడు గొలుసుకట్టు చెరువులు, పైదాని మత్తడి దుంకితేనే కిందిదానికి నీరు. మీదికోట మొదటి మూడు చెరువులనూ, కిందికోట మిగిలిన నాలుగింటినీ ఏలుతున్నాయి. కరువు రెండో ఏట ఒక రాత్రి మీదికోట ఊరివారు మూడో చెరువు మత్తడి మీద జానెడు ఎత్తున ఒక వరుస రాళ్లు పేరుస్తారు. సందుల్లో రేగడి మట్టి, గడ్డి కూరి, నాచు పట్టిన పాత రాళ్లనే ఏరుకొచ్చి పెట్టి, ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు నమ్మిస్తారు. తెల్లవారిన తరువాత కిందికోట నీరటి వచ్చి చేతికర్రతో కొలవబోయి ఆగిపోతాడు. ఒక రాయికి నాచు అడుగు వైపున ఉంది, ఎండ సోకే పైభాగం నున్నగా ఉంది. రాయిని తిరగేసి పెట్టారని అతనికి అర్థమవుతుంది. యుద్ధానికి ఇంతకంటే పెద్ద కారణం అవసరం లేదు. ఆ జానెడు రాతి వరుస వల్ల దిగువన నాలుగు ఊళ్లు వరి నాట్లు వేసుకోలేవు.

కోటలు రెండు ఎందుకంటే, ఒక్క రాజు ఉన్న రాజ్యంలో తిరుగుబాటును ప్రతిసారీ కొత్తగా పుట్టించాల్సి వస్తుంది, ఇద్దరు ఉంటే అది ఇంట్లోనే ఉంటుంది. ఈ ఏర్పాటు ఇక్కడ నిజంగానే నడిచింది. 14వ శతాబ్దం ద్వితీయార్ధంలో రేచెర్ల పద్మనాయకులలో అనపోతనాయకుడు రాచకొండలోనూ, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండలోనూ ఉండి రాజ్యాన్ని పంచుకుని పాలించారు. వారి పొత్తుల తీరును కూడా గమనించాలి. తూర్పున కొండవీటి రెడ్లతో వైరం, దక్షిణాన విజయనగరంతో పోరు ఉన్నందున వారు చాలాకాలం ఉత్తరాన బహమనీ సుల్తానులతో స్నేహం నెరపారు. చివరకు 15వ శతాబ్దంలో రాచకొండ ఆ బహమనీల చేతికే చిక్కింది. పక్కనున్న శత్రువును బట్టి దూరపు మిత్రుడు తేలతాడు గనుక, మీ కల్పిత రాజ్యాల మధ్య పొత్తులను మతం పేరుతోనో జాతి పేరుతోనో రాసుకోవద్దు, సరిహద్దు పేరుతో రాసుకోండి. ఒక రాజ్యానికి ఒకే దేవుడు, ఒకే రంగు, ఒకే గుణం అంటగట్టే పద్ధతి పిల్లల బొమ్మల పుస్తకానికి సరిపోతుందేమో గానీ నవలకు సరిపోదు.

వంశవృక్షం నాలుగు తరాలు చాలు. పదహారు తరాలు రాసుకున్నవారు సాధారణంగా నవల రాయరు.

చరిత్ర విషయానికి వస్తే, జరిగినదంతా రచయిత వరుసగా రాసి పెట్టుకోవచ్చు గానీ, పాత్రలకు అది ముక్కలుగానే తెలియాలి. ఇందుకు నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్ని మించిన పాఠం లేదు. రాణీ రుద్రమదేవి మరణం గురించి మనకు తెలిసింది 1289 నాటి ఈ శాసనం వల్లనే. అయితే అది రాజధానిలో వేసిన శాసనం కాదు, రాణి చరిత్ర చెప్పడానికి వేసిందీ కాదు. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జుననాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని ఒక దేవుడికి భూమి దానం చేస్తూ వేయించిన రాయి అది. ఒక మహారాణి చనిపోయిన సంగతి పల్లెటూరి భూదానపు పత్రంలో ఒక వాక్యంగా మిగిలింది. ఎక్కడ, ఎలా, ఎవరి చేతిలో అన్న ప్రశ్నలకు రాయి జవాబు చెప్పదు, అందుకే ఏడు శతాబ్దాలు దాటినా చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు.

మీ రాజ్యానికి కూడా ఇలాంటి శాసనం ఒకటి స్వయంగా రాసి చూడండి. స్వస్తిశ్రీతో మొదలుపెట్టి, శక వర్షం, సంవత్సర నామం, తిథి, వారం చెప్పి, దాత బిరుదులు, దానమిచ్చిన పొలం హద్దులు, చివరన శాపం రాయాలి. తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్న శాపశ్లోకం పాత శాసనాల్లో తరచుగా కనిపిస్తుంది. హద్దులు రాసేటప్పుడు మీకు తెలియకుండానే మీ రాజ్యంలో ఏ దిక్కున పుట్ట ఉందో, ఏ దిక్కున కుమ్మరి వాడ ఉందో తేలిపోతుంది. ఆ తరువాత అదే సంఘటనను ఒగ్గు కథకుడు పాడితే ఎలా ఉంటుందో, గెలిచిన కోట కరణం దస్తావేజులో ఎలా ఉంటుందో మరో రెండు రకాలుగా రాయండి. ఈ మూడూ పొసగని చోట మీ కథకు రహస్యం దొరుకుతుంది, దానిని తొందరపడి విప్పవద్దు.

రాజుకు పైన ఎవరున్నారన్న ప్రశ్నను కాల్పనిక రచనల్లో చాలాసార్లు వదిలేస్తారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానాలు తమ తమ చోట్ల కోటలతో, ఆస్థానాలతో, పండితులతో వెలిగినవే, అయినా నిజాముకు పేష్కష్, అంటే కప్పం, చెల్లించినవే. తన ఊరిలో ఏనుగు మీద ఊరేగే రాజు హైదరాబాదు దర్బారులో నిలబడి ఉండవలసిన స్థితి ఎంత నాటకీయమో ఊహించండి. వనపర్తి సంస్థానం ఆఫ్రికా సంతతి సిపాయిలతో ఒక దళాన్ని నడిపింది, తరువాత అది నిజాం సైన్యంలో కలిసింది. అంటే పరదేశాల మనుషులు కూడా మారుమూల సంస్థానంలో జీతానికి కుదిరేవారు. మీ రాజ్యంలోనూ పుట్టుక ఒక చోట, జీతం ఒక చోట, విశ్వాసం ఇంకో చోట ఉన్న మనుషులు నలుగురైనా ఉండాలి.

రాజుకు కింద ఉన్నవారి మీద దీనికి రెట్టింపు శ్రద్ధ పెట్టాలి. నిజాం కాలంలో దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీల చేతిలోనే ఊరి నిజమైన అధికారం ఉండేది. పాలన భాష మొదట ఫారసీ, తరువాత ఉర్దూ కాగా రైతు మాట్లాడేది తెలుగు, కాబట్టి తన భూమి కాగితాన్ని తానే చదువుకోలేని రైతు పట్వారీ ఏది చెబితే అది నమ్మాల్సి వచ్చేది. దాని మీద వెట్టిచాకిరి, అప్పిచ్చిన ధాన్యం మీద గుంజే నాగు వడ్డీ. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాక సాయుధ పోరాటంగా ముదిరిన కోపం మొదట గురిపెట్టింది కోటలాంటి దొర ఇల్లు, అంటే గడి మీదనే. మీ కథలో కూడా తిరుగుబాటుదారులు మొదటి అధ్యాయంలోనే రాజును దించుతామని ప్రతిజ్ఞ చేస్తే నమ్మశక్యంగా ఉండదు. వారు ముందుగా ఒక కొలత మార్చమని, ఒక లెక్క చదివి వినిపించమని అడుగుతారు. అది నిరాకరించినప్పుడే పెద్ద మాటలు పుడతాయి.

సంస్కృతి అంటే పండుగల జాబితా కాదు గనుక, ఒక్క జాతరను తీసుకుని దానిలో ఎవరికి ఏ హక్కు ఉందో పూర్తిగా రాయడం మేలు. పాలమూరులోని కురుమూర్తి జాతర చూడండి. స్వామి ఆభరణాలు ఆత్మకూరు నుంచి వస్తాయి, ఉద్దాల ఉత్సవం నాడు మోసుకొచ్చే స్వామి పాదుకలను వడ్డెమానులో మాదిగలు తయారు చేస్తారు. దేవుడికి నగలు ఒక దిక్కు నుంచి, చెప్పులు మరో దిక్కు నుంచి రావాలి, ఏది రాకున్నా ఉత్సవం నడవదు. ఏడుమత్తళ్ల సీమలో ఇలాంటి ఏర్పాటు పెట్టి, ఒక ఏడాది చెప్పులు కుట్టేవారు తూము నీటిలో తమకు వాటా ఇచ్చేదాకా పాదుకలు కదలవని కూర్చుంటే, రాజు సైన్యం ఏం చేయగలదు? తిండి, బట్ట సంగతులు మాత్రం క్లుప్తంగా సరిపెట్టవచ్చు. మెట్ట మీద జొన్నరొట్టె, చెరువు కింద వరి అన్నం అన్న ఒక్క తేడాతోనే ఎవరి ఇంట్లో ఏ పూట అన్నం వండారన్నది హోదాకు గుర్తు అవుతుంది. నూలు నేతకు పట్టు అంచు జోడించే గద్వాల చీరల వంటి పనితనాన్ని తీసుకుని, ఏ రంగు అంచు ఏ కోటవారిదో నిర్ణయిస్తే పెళ్లి సన్నివేశాలు వాటంతట అవే ఉద్రిక్తంగా మారతాయి.

మాయ చివరన రావాలి, వచ్చినా చెరువు చట్టానికి లోబడి ఉండాలి. ఇక్కడి కట్టల మీద కట్టమైసమ్మ ఉంటుంది కదా, మన సీమలో కట్ట మీది తల్లి నిజంగానే వింటుందని అనుకుందాం. కట్ట మీద నిలబడి అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ రాత్రే కట్ట తెగుతుంది. ఇది ఒక్క నియమం, కానీ దీని పర్యవసానాలను ఓపికగా లెక్కించాలి. మంత్రులు కట్ట దరిదాపులకు రారు, ఒప్పందాలన్నీ మైదానంలోనే రాసుకుంటారు. ప్రమాణం తప్పనిసరైనప్పుడు నిజం తెలియని అమాయకుడిని పంపి చెప్పిస్తారు, ఎందుకంటే తాను నమ్మిన మాట చెప్పినవాడిది అబద్ధం కాదు. అందువల్ల ఏమీ తెలియని మనుషులకు ఆ రాజ్యంలో మంచి వెల పలుకుతుంది, వారిని ఏమీ తెలియకుండా పెంచే ఇళ్లు కూడా పుడతాయి. శత్రురాజ్యాన్ని ముంచాలనుకున్నవాడు సైన్యాన్ని పంపడు, ఒక అబద్ధీకుడిని పంపుతాడు. మాయ వల్ల పన్ను, న్యాయం, యుద్ధం మారకపోతే ఆ మాయను తీసేయడం మంచిది.

ఇంత సమకూర్చుకున్నాక దీనినంతా మొదటి అధ్యాయంలో గుమ్మరించవద్దు. పేష్కష్ ఎంతో, మత్తడి ఎత్తు ఎంతో పాఠకుడికి చెప్పేది దాని కోసం ఎవరైనా గొంతు పెంచినప్పుడే. కథను కరువు మూడో ఏట, ఏడు చెరువుల నీరటులనూ ఒక్కచోటికి పిలిపించిన రోజున మొదలుపెట్టండి. పంచాయితీకి వచ్చినవారిలో ఎవరు మంచం మీద కూర్చున్నారో, ఎవరు చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నారో, ఎవరిని కూర్చోమని ఎవరూ అనలేదో ముందుగా రాయండి. రాజును మూడో అధ్యాయం దాకా రానివ్వకండి, వచ్చినప్పుడు కూడా అతని చేతికి మొదట కత్తి ఇవ్వక, ఇద్దరు కరణాలు రాసిన రెండు వేర్వేరు నీటి లెక్కలు ఇవ్వండి.