హిల్ టాప్ చూడబోయే ముందు జాగ్రత్తలు

పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన పుస్తకాల ఆదాయంతో 1905లో కొన్న పాత రైతు ఇల్లు ఇది. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో నియర్ సారీ అనే పల్లెలో ఉంది.

• ఈ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ వెబ్‌సైట్‌లో ముందే టికెట్ తీసుకోండి. ఇల్లు చిన్నది కాబట్టి కొద్దికొద్దిమందినే లోపలికి పంపుతారు. ఏ రోజుల్లో తెరుస్తారో కూడా అక్కడే చూసుకోండి, చలికాలంలో మూసేస్తారు.

• బౌనెస్ ఊరి వైపు నుంచి కారులో వస్తే విండర్‌మియర్ సరస్సును ఫెర్రీ మీద దాటాలి. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు, అప్పుడు చుట్టూ తిరిగి రావాలి. చేతిలో కాస్త టైమ్ ఉంచుకోండి. పార్కింగ్ కూడా కొంచెమే.

• పెద్ద బ్యాగులు వద్దు. గదులు ఇరుకు, వెలుతురు తక్కువ. సామాన్లు పాటర్ ఉంచమన్నట్టే ఉన్నాయి, పిల్లల చేతులు పట్టుకునే ఉండండి.

• పాటర్ రాసిన, 1908లో వచ్చిన శామ్యూల్ విస్కర్స్ అనే ఎలుక కథ పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఇది మాత్రం మరవకండి! ఆ కథ జరిగేది ఈ ఇంట్లోనే. మెట్ల మలుపు దగ్గర నిలబడి పుస్తకంలో మెట్ల బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే, అదే మెట్లు ఎదురుగా కనిపిస్తాయి. పుస్తకం చదవకుండా వెళ్లిన పిల్లలకు అదొక పాత ఇల్లు, అంతే.

• అక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. రెయిన్‌కోటు, తడికి జారని బూట్లు ఉండాలి. తోటలో కూరగాయల మడి చూడకుండా రాకండి.