కౌన్సిల్ డబ్బు వృథా చేసిందని రాస్తే అంబుడ్స్‌మన్ ఎందుకు వెనక్కి పంపిస్తుంది?

సమస్య: మీరు ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. మీ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఎవరికీ పనికిరాని బిల్డింగు మీద లక్షల పౌండ్లు పోసిందని ఒళ్లు మండి, కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కి పేజీలకు పేజీలు రాశారు. 'దర్యాప్తు చేయం' అని జవాబొచ్చింది.

కారణం: మీరు చెప్పింది అబద్ధమని కాదు. 1974 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం ప్రకారం, ఆ ప్రాంతంలో అందరికీ లేదా చాలామందికి తగిలే విషయాన్ని అంబుడ్స్‌మన్ విచారించకూడదు. కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) డబ్బు వృథా అయితే నష్టం అందరిదీ కదా, ఫిర్యాదు ఆగిపోయేది అక్కడే. ఒక్కడు నష్టపోతే వింటారట, ఊరంతా నష్టపోతే వినరట! పైగా పద్ధతిలో తప్పు దొరక్కపోతే, నిర్ణయం మంచిదా చెడ్డదా అనే జోలికి అసలు పోరు.

పరిష్కారం: వెళ్లాల్సింది కౌన్సిల్ లెక్కలు తనిఖీ చేసే బయటి ఆడిటర్ దగ్గరికి. 2014 లోకల్ ఆడిట్ చట్టం కింద ఏటా 30 పనిదినాలు కౌన్సిల్ లెక్కలు జనం చూడటానికి తెరిచి ఉంచాలి, ఆ తేదీలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు. బిల్లులు, కాంట్రాక్టులు అడిగి చూడొచ్చు. అక్కడ ఓటరైతే ఆడిటర్‌ని ప్రశ్నలు అడగొచ్చు, రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టొచ్చు (ఒక కాపీ కౌన్సిల్‌కీ పంపాలి). మనది ఇండియన్ పాస్‌పోర్టు కదా, మనకెందుకులే అనుకోకండి, కామన్వెల్త్ పౌరులం కాబట్టి వీసా మీద ఉన్నా అక్కడ ఓటు నమోదు చేసుకోవచ్చు. అభ్యంతరంలో 'దుబారా' అని తిట్టి వదిలేస్తే లాభం లేదు, ఏ ఖర్చు, ఎంత, అది ఎందుకు చట్టవిరుద్ధం లేదా దాని మీద ఆడిటర్ ప్రజాహితం కోసం ఎందుకు రిపోర్టు ఇవ్వాలి అన్నది రాయాలి. టీ బిస్కెట్ల బిల్లు మీద పెడితే, విచారణ ఖర్చే ఎక్కువని ఆడిటర్ పక్కన పెట్టేయగలడు.

ఆ 30 రోజులు దాటిపోయాయా? అక్కడి సమాచార హక్కు చట్టం (ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్) కింద కౌన్సిల్‌నే అడగండి, అది ఏడాది పొడవునా ఉంటుంది, 20 పనిదినాల్లో జవాబివ్వాలి.

ఫిర్యాదు పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటి చిన్న కౌన్సిల్) మీదైతే అది అంబుడ్స్‌మన్ పరిధిలోకే రాదు, టైం వేస్ట్. దాని లెక్కల మీద కూడా ఆడిటర్‌కే రాయాలి.

ఇక ఖర్చు తగ్గించే పేరుతో మీ పిల్లాడి స్కూల్ బస్సు ఆపేశారనుకోండి, అప్పుడు కథ వేరు. బడ్జెట్ గొడవ వదిలేసి, మీ ఇంటికి జరిగిన నష్టం, కౌన్సిల్ తప్పిన నియమం, ఈ రెండే రాయండి. ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు చేసి వాళ్ల చివరి జవాబు తీసుకోండి, సంగతి తెలిసిన 12 నెలల్లోపు అంబుడ్స్‌మన్‌కి పంపండి.