పొడుగు జుట్టు పాఠాలు – 3: చిక్కు విప్పే చేయి

మొదటి పాఠంలో దువ్వెన ఎంచుకున్నాం. రెండో పాఠంలో పడుకునే ముందు వదులు జడ వేసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఈ వారం అసలు పని, చిక్కు తీయడం. పాత పాఠాలు చేయనివాళ్లు నేరుగా ఇక్కడికే వచ్చినా ఇబ్బంది లేదు. ఒక్కటే షరతు: ఈర్పెన, సన్నపళ్ల దువ్వెన రెండూ వారం పాటు బీరువాలో పెట్టేయండి. వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి చాలు. చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు గానీ, పళ్ల సందులో వేలు పెట్టి చూడండి. చవక ప్లాస్టిక్ దువ్వెనల్లో అచ్చు అతికిన గీత పదునుగా తగులుతుంది. అది వెంట్రుకను కోస్తుంది, కాబట్టి అలాంటిది వద్దు.

మా ఇంట్లో తల దువ్వడమంటే యుద్ధమే. ఎనిమిదింటికి స్కూలు రిక్షా వచ్చేది. ఏడున్నరకి అమ్మమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, దువ్వెన మాడు మీద పెట్టి ఒక్క లాగు లాగేది. అది సగంలో ఎక్కడో ఇరుక్కునేది. ఇంకో లాగు. "అమ్మమ్మా, నొప్పే!" అంటే "కదిలితే నొప్పి కాక ఏమవుతుందే?" అని ఒక మొట్టికాయ. ప్రేమకు లోటు లేదు. ఆవిడ నూనె పట్టిస్తుంటే కూర్చునే నిద్రపోయేదాన్ని. దువ్వడం మొదలుపెట్టే చోటే తప్పు. అది నాకు తెలిసేసరికి ముప్పై దాటాయి, మా అమ్మాయి అవే మాటలు నాతో అంటోంది.

పైనుంచి ఎందుకు మొదలుపెట్టకూడదంటే, జుట్టులో ఒక పెద్ద చిక్కు ఉండదు, చాలా చిన్న చిక్కులుంటాయి. పైనుంచి లాగితే పైది విడిపోదు, జారి కిందిదాని మీద పడుతుంది. ఆ రెండూ కలిసి మూడోదాన్ని పట్టుకుంటాయి. దువ్వెన వీపు దాటేసరికి రేగుపండంత ఉండ తయారవుతుంది. మనం పొద్దున్నే తీస్తున్నామనుకునే చిక్కులో కొంత మన దువ్వెన చేసిందే.

పైగా కొస అంటే పాత జుట్టు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ జడ 60 సెంటీమీటర్లుంటే దాని కొస ఐదేళ్ల నాటిది, ఐదేళ్ల ఎండలూ షాంపూలూ రబ్బరు బ్యాండ్లూ చూసినది. వెంట్రుక పైపొర పెంకుటిల్లు కప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. పెంకుల అంచులు కొసవైపు తిరిగి ఉంటాయి. కొత్త వెంట్రుకలో అవి అణిగి ఉంటాయి, పాతదాంట్లో లేచి పక్క వెంట్రుకను పట్టుకుంటాయి. నమ్మకం కుదరకపోతే ఒక పొడుగు వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కొసకు ఒకసారి, కొస నుంచి కుదురుకు ఒకసారి జరపండి. రెండోసారి వేళ్లకు కాస్త గరుకు తగులుతుంది.

ఇక కూర్చోండి. పాపిట తీసి జుట్టును రెండు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని చెవి దగ్గర మళ్లీ రెండు చేయండి. నాలుగు పాయలు. మూడింటిని క్లిప్పులు పెట్టి పక్కన ఉంచండి. ఒత్తు జుట్టయితే ఆరు పాయలు. ఈ మెట్టు దాటేస్తే టైం కలిసొస్తుందనిపిస్తుంది, రాదు.

నొప్పి లేకపోవడమంతా ఎడమ చేతి పట్టులో ఉంది. చాలామంది కుడి చేతి దువ్వెన మీదే దృష్టి పెడతారు. పాయను ఎడమ పిడికిలితో, చిక్కుకు పైన, రెండు అంగుళాల దూరంలో గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు కింద ఎంత లాగినా ఆ లాగుడు మీ పిడికిలి దగ్గరే ఆగిపోవాలి, తలకు చేరకూడదు. దువ్వెన పట్టకముందు ఇది పరీక్షించి చూడండి. పిడికిలి కింద కొసను కుడి చేత్తో కాస్త గట్టిగానే లాగండి. మాడు మీద ఏమీ తెలియకపోతే పట్టు కుదిరినట్టు. తెలిసిందంటే పిడికిలి వదులుగా ఉంది, లేదా పిడికిలికీ తలకూ మధ్య జుట్టు బిగుసుకుని ఉంది. అక్కడ కాస్త వదులు ఉంచాలి. పిల్లలకు దువ్వేటప్పుడు ఈ పరీక్ష వాళ్ల చేతే చేయించండి. "ఇప్పుడు నొప్పుందా?" అని అడిగితే మా అమ్మాయి మొదట్లో అలవాటుకొద్దీ "ఉంది" అనేది, తర్వాత నవ్వేసేది.

పట్టు కుదిరాక దువ్వెనను కొసకు రెండు మూడు అంగుళాల పైన పెట్టి కిందికి దువ్వండి. ఆ కాస్త మేరే. దువ్వెన ఎక్కడా ఆగకుండా జారిందంటే రెండు వేళ్ల మందం పైకి జరగండి, మళ్లీ కొస దాకా దువ్వండి. పిడికిలి కూడా దాంతో పాటు పైకి జరగాలి. అలా మెట్టు మెట్టుగా ఎక్కుతూ కుదురు దాకా వెళ్లాక, ఒక్కసారి పైనుంచి కిందికి. అదే మొదటిసారి, చివరిసారి కూడా.

దువ్వేటప్పుడు టీవీ ఆపేయండి. వెంట్రుక తెగితే చప్పుడొస్తుంది, సన్నగా "టప్" మని. ఒకటి రెండు వినిపిస్తే ఫరవాలేదు. వరసగా టపటపమంటే చెయ్యి ఆపి, దువ్వెన కిందపెట్టి వేళ్లతో చూడండి. అక్కడ ముడి ఉంది.

ముడి దగ్గర దువ్వెనకు పని లేదు. రెండు చుక్కల కొబ్బరి నూనె వేళ్ల కొసలకు రాసుకుని ముడి మీద మెల్లగా నలపండి. తర్వాత దాన్ని కిందికి లాగకండి, పక్కలకు విప్పండి, పూల దారం ఉండ చిక్కుపడితే విప్పుతామే అలాగ. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ ముడిలోకి దూర్చి ఎడంగా జరుపుతూ ఉంటే మధ్యలో సందు పడుతుంది. ఆ సందులోంచి కొసలను ఒక్కొక్కటే బయటికి తీయండి. వేలు దూరకపోతే తోక దువ్వెన కొసో, స్వెటర్లు అల్లే సూదో వాడండి. పిన్నీసు వద్దు, పెంకు లేపుతుంది. పావుగంటకూ లొంగని ముడిని కత్తిరించక తప్పదనుకుంటే, కత్తెరను అడ్డంగా పెట్టకండి. పాయ పొడవునా, నిలువుగా, ముడిని చీల్చినట్టు ఒక గాటు పెడితే రెండు చిన్న ముడులవుతాయి. పోయేది కొద్ది వెంట్రుకలే.

ఇప్పుడు దువ్వెనలోకి వచ్చినదాన్ని చూసి టెన్షన్ పడకండి. మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. జడలో ఉన్నప్పుడు రాలినవి కింద పడవు, అక్కడే ఉండి పక్కవాటికి చుట్టుకుంటాయి. చిక్కు పడడానికి ఇవీ ఒక కారణం. వారానికోసారి తలంటుకుని, మధ్యలో దువ్వని మనిషికి ఏడు రోజులవీ ఒక్కసారే చేతికొస్తాయి, "జుట్టంతా ఊడిపోయింది" అనిపిస్తుంది. తెల్ల కాగితం మీద పరిచి చూడండి. పొడుగ్గా ఉండి ఒక చివర చిన్న తెల్ల గుబ్బ ఉన్నవి వాటంతటవి రాలినవి. పొట్టిగా, రెండు చివర్లా గుబ్బ లేనివి తెగినవి. మన పద్ధతి బాగుందో లేదో చెప్పేది ఈ రెండో రకమే. (తల మీద గుండ్రంగా ఖాళీలు కనిపిస్తుంటే మాత్రం అది దువ్వెన పాఠంతో తీరేది కాదు, చర్మ డాక్టరుకు చూపించండి.)

తడి జుట్టు సంగతి. తడి వెంట్రుక బాగా సాగుతుంది, పొడిదానికన్నా తేలిగ్గా తెగుతుంది. సాఫు జుట్టువాళ్లు స్నానం కాగానే దువ్వకండి, ముప్పాతిక వంతు ఆరనివ్వండి. రింగుల జుట్టుకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది పొడిగా దువ్వితేనే ఎక్కువ తెగుతుంది, కాబట్టి కండిషనర్ జారుడు ఉండగా, తడి మీదే, వేళ్లతో ముందు, దువ్వెనతో తర్వాత. ఎవరైనా సరే, తువ్వాలుతో తలను గిరగిరా రుద్దడం మానండి. దాంతోనూ చిక్కు పడుతుంది. పాత కాటన్ చీర ముక్కతో అద్ది వదిలేయండి.

కుంకుడు రసంలో మందారాకు కలిపి నలిపే ఇళ్లలో పెద్దవాళ్లు ఊరికే ఆ పని చేయలేదు. ఆకు జిగురు వల్ల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారతాయి, కండిషనర్ సీసా చేసే పనీ అదే. ఇక బోరు నీళ్లు. సున్నం ఎక్కువున్న నీళ్లతో ఎంత కడిగినా జుట్టు పీచులాగే ఉంటుంది. ఆఖరి రెండు చెంబులు తాగే నీళ్లు పోసుకోగలిగితే తేడా దువ్వెనకే తెలుస్తుంది.

పెళ్లిలో పూలజడ వేయించుకున్నవాళ్లకు ఒక మాట. ఆ రాత్రి అలసటలో పూలు పీకి, సవరం లాగి, పడుకోవద్దు. ముందు పిన్నులన్నీ తీయండి, లెక్కపెట్టుకుంటూ. ఒకటి మిగిలినా ముడి దాని చుట్టే పడుతుంది. దారాన్ని రెండు మూడు చోట్ల కత్తిరించి పూలు విడదీయండి. సవరం ముడి విప్పాక అదే జారుతుంది. స్ప్రే కొట్టిన జుట్టు అట్టలా ఉంటుంది, దాన్ని పొడిగా దువ్వితే తెగడమే. కండిషనర్ దట్టంగా పట్టించి పది నిమిషాలు వదిలి, మెత్తబడ్డాక వేళ్లు పెట్టండి. తెల్లారి చేసినా పరవాలేదు, కానీ పిన్నులు మాత్రం ఆ రాత్రే.

ఈ వారం సాధన. మొదటి మూడు రోజులు ఒక్క పాయ మీదే, ఈ పద్ధతిలో. మిగతా పాయలు మీ పాత అలవాటు ప్రకారం దువ్వుకోండి, తేడా మీకే తెలియాలి. నాలుగో రోజు నుంచి అన్ని పాయలూ. మొదట్లో ఇరవై నిమిషాలు పడుతుంది, కాబట్టి ఉదయం స్కూలు హడావిడిలో కాదు, రాత్రి జడ వేసుకునే ముందు చేయండి. రోజూ దువ్వెనలో వచ్చిన పొట్టి ముక్కలు ఎన్నో కాగితం మీద రాయండి, ఆ వెంట్రుకలను పొట్లం కట్టి ఉంచండి. నాలుగో పాఠం తలంటు మీద. అప్పుడు తలంటుకు ముందు రాలినవీ తర్వాత రాలినవీ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఈలోగా చిక్కు వెంట్రుకలు కొనే ఆవిడ వీధిలోకి వచ్చి స్టీలు గిన్నె చూపించినా సరే, పది రోజులాగి రమ్మనండి.