మూడో బ్యాట్‌మ్యాన్ మీద వాదనకు దిగేముందు

‘ది డార్క్ నైట్ రైజెస్’ (2012) గురించి వాదించాలంటే ముందు అదే కథలోని మొదటి రెండు సినిమాలు ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ (2005), ‘ది డార్క్ నైట్’ (2008) కూడా వరసగా చూడండి. మూడూ కలిపి సుమారు ఏడున్నర గంటలు. జ్ఞాపకం మీద ఆధారపడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

అసలు గొడవంతా క్లైమాక్స్‌దే: బ్యాట్‌మ్యాన్ అయిన బ్రూస్ వేన్ బాంబు పేలుడులో పోయాడా, బతికాడా అని. చివర్లో బ్రూస్ బతికి కనిపించే కెఫే సీను అతని బట్లర్ ఆల్‌ఫ్రెడ్ ఊహేనని ఎవరైనా అంటే, దానికి ముందొచ్చే షాట్లు చూపించండి. బాంబును మోసుకెళ్లిన విమానాన్ని దానంతటదే నడిపే ఆటోపైలట్‌ను బ్రూస్ ఆరు నెలల క్రితమే సరిచేశాడని, అతనికి పరికరాలు సమకూర్చే ఫాక్స్‌కు తెలుస్తుంది. పోలీస్ కమిషనర్ గోర్డన్‌కేమో బాగుచేసిన బ్యాట్ సిగ్నల్ (బ్యాట్‌మ్యాన్‌ను పిలిచే దీపం) కనబడుతుంది. ఈ రెండూ ఆల్‌ఫ్రెడ్ చూడనివే! ఇంతకన్నా గట్టి ఆధారం లేదు.

బావిలాంటి జైలులోంచి బయటపడ్డ బ్రూస్, దిగ్బంధంలో ఉన్న తన నగరం గోథమ్‌లోకి ఎలా చేరాడో సినిమా చూపించదు. చూపించకపోవడం వేరు, ముందు చెప్పినదానికి విరుద్ధంగా ఉండటం వేరు. రెండూ కలిపేస్తే వాదన తేలదు.

విలన్ జోకర్‌తో పోలిక మాత్రం తేకండి, చర్చ రెండో సినిమాకి జారిపోతుంది.