పసుపు, సున్నం, పీహెచ్‌డీ: ఒడిశా సరిహద్దు నుంచి కెమికల్ బయాలజీకి

గిన్నెడు నీళ్లలో పావు చెంచా పసుపు కలిపి, చిటికెడు సున్నం వేయండి. హారతి నీళ్లలా ఎర్రబడుతుంది. నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతుంది. కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఇందులో కర్కుమిన్ అణువు క్షారంలో ప్రోటాన్ వదులుకోవడం కనిపిస్తుంది. బయాలజీ చదివినవాళ్లకి ఇదే పదార్థం కణంలోకి వెళ్లి ఏం చేస్తుందనే ప్రశ్న పుడుతుంది. ఈ రెండు చూపులూ ఒకే మనిషికి అలవాటు చేయడమే కెమికల్ బయాలజీ పీహెచ్‌డీ శిక్షణ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ప్లస్ త్రీలో (ఒడిశా డిగ్రీ చదువులో) కెమిస్ట్రీ ఆనర్సో బాటనీ ఆనర్సో చేసి, ఎమ్మెస్సీలో ఉన్న తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాం.

ముందు మీకు రాని సగం

ఆనర్స్ చదువు ఒక శాఖలో లోతుగా దించి, రెండోదాన్ని పైపైన తాకించి వదిలేస్తుంది. ఇంటర్వ్యూలో దొరికిపోయేది అక్కడే. దరఖాస్తుకి ఆరు నెలల ముందు నుంచి రోజుకి గంట ఆ రెండో సగానికి ఇవ్వండి.

కెమిస్ట్రీ వాళ్లు ఇరవై అమైనో ఆమ్లాల నిర్మాణాలు చూడకుండా గీయగలగాలి. వాటిలో హిస్టిడిన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్) సుమారు 6 కాబట్టి శరీరపు పీహెచ్‌కి దగ్గరలోనే ప్రోటాన్ తీసుకుంటుంది, వదులుతుంది. చాలా ఎంజైములు దాన్ని వాడుకునేది అందుకేనని వివరించగలగాలి. పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు పెంచడం), వెస్ట్రన్ బ్లాట్ (ప్రోటీన్‌ని గుర్తించడం), క్లోనింగ్ (జన్యువుని వేరే కణంలో పెట్టి పెంచడం) ఒక్కొక్కటీ ఏ ప్రశ్నకి జవాబిస్తుందో తెలియాలి. బయాలజీ వాళ్లు బాణం గుర్తులతో మెకానిజం గీయడం, అణువు నిర్మాణాన్ని, బరువుని చెప్పే ఎన్ఎంఆర్, మాస్ స్పెక్ట్రం చదవడం నేర్చుకోవాలి.

ఇద్దరికీ కావలసింది ఎంజైమ్ గణితం. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) గాఢత కేఎంకి సమానమైతే వేగం గరిష్ఠంలో సగం. సబ్‌స్ట్రేట్‌తో పోటీపడే నిరోధకం ఆ వేగాన్ని సగానికి తగ్గించే గాఢత ఐసీ50. అది ఎంజైమ్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె కేఐ. ఐసీ50 అంటే కేఐని (1 + సబ్‌స్ట్రేట్ గాఢత ÷ కేఎం)తో గుణించిన విలువ. అంటే పరీక్షలో సబ్‌స్ట్రేట్ ఎంత వేశారో రాయకుండా ఐసీ50 ఒక్కటే చెబితే ఆ అంకెను దేనితోనూ పోల్చలేం.

రెండు శాస్త్రాలు ఎందుకో తెలియాలంటే 2022 కెమిస్ట్రీ నోబెల్ చూడండి. మెల్డాల్, షార్ప్‌లెస్ విడివిడిగా కనిపెట్టిన, అజైడ్, ఆల్కైన్ అనే రెండు రసాయన సమూహాల్ని అతికించే చర్యకి రాగి కావాలి. రాగి బతికున్న కణాలకి విషం. ఎనిమిది పరమాణువుల వలయంలో ఆల్కైన్‌ని వంచి బిగిస్తే రాగి లేకుండానే చర్య జరుగుతుందని బెర్టోజీ చూపించారు. కణం గురించిన బాధకి మందు సేంద్రియ రసాయనంలో దొరికింది.

బల్ల మీద

పసుపునే తీసుకుందాం. కంధమాల్ పసుపుకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మన వైపు ప్రాజెక్టులు చాలా దాని చుట్టూ తిరుగుతాయి. తప్పులూ అక్కడే ఎక్కువ.

కర్కుమిన్ అణుభారం 368.4. 3.68 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరు డీఎంఎస్‌ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకంలో) కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (చిక్కటి నిల్వ ద్రావణం). కణాలకి 10 మైక్రోమోలార్ కావాలి. వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) ఉండేది 100 మైక్రోలీటర్లే కనుక నేరుగా వేయాలంటే 0.1 మైక్రోలీటర్ తీయాలి, పిపెట్‌తో అది నమ్మకంగా రాదు. అందుకని 998 మైక్రోలీటర్ల మీడియంలో (కణాలు పెరిగే ద్రవంలో) 2 మైక్రోలీటర్ల స్టాక్ వేసి వెంటనే కలపండి. అది 20 మైక్రోమోలార్ అవుతుంది. 50 మైక్రోలీటర్ల కణాల మీద దీన్ని 50 పోస్తే 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. కంట్రోల్ వెల్స్‌లోనూ అదే 0.1 శాతం ఉండాలి. వట్టి మీడియం పోసి దాన్ని కంట్రోల్ అనుకుంటే కణాల్ని చంపింది మందో డీఎంఎస్‌ఓనో తేలదు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. పీహెచ్ 7.2, 37 డిగ్రీల్లో సీరం లేని బఫర్‌లో కర్కుమిన్ అరగంటలో దాదాపు 90 శాతం విరిగిపోతుంది. 24 గంటల తర్వాత మీరు కొలిచింది కర్కుమిన్ పనా, దాని ముక్కల పనా? పైగా అది స్వయంగా ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆకుపచ్చ ఫ్లోరోసెన్స్ కొలిచే పరీక్షలో అబద్ధపు సంకేతం ఇస్తుంది. ఇలాంటి పదార్థాలు ఎంటీటీ (బతికున్న కణాల్ని రంగుతో కొలిచే పరీక్ష) రంగుని కణాలు లేకుండానే మార్చగలవు. కాబట్టి ప్రతి ప్లేటులో కణాలు లేని, మందు మాత్రమే ఉన్న మూడు వెల్స్ పెట్టండి. ఎంజైమ్ పరీక్షైతే 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి మళ్లీ చేయండి. నిరోధం మాయమైతే మందు గుంపులుగా ముద్దకట్టి ఎంజైమ్‌ని పట్టుకుందన్న అనుమానం బలపడుతుంది. మొదటి ఫలితం బాగా వచ్చినరోజే ఈ పరీక్షలు చేయాలి. ఆనందంలో అవి వాయిదా పడతాయి, ఆ వాయిదాకి ఏడాది పోతుంది.

ఈ చేతిపని ఎమ్మెస్సీలోనే అలవాటు కావాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి పెట్టండి. రెండు నెలలు లాబ్‌లో ఉండొచ్చు.

ఎక్కడికి, ఏ కాగితాలతో

బరంపురంలోనే 2016లో వచ్చిన ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది. జట్నీలో అలాంటిదే నైసర్, భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉన్నాయి. అదే రైలు దారిలో ఇంకా పైకెళితే కలకత్తాలో పేరులోనే కెమికల్ బయాలజీ ఉన్న ఐఐసీబీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ). హైదరాబాద్‌లో కెమిస్ట్రీకి ఐఐసీటీ, బయాలజీకి సీసీఎంబీ పక్కపక్కనే. ఈ మూడింటి లాంటి సీఎస్ఐఆర్ లాబుల్లో పీహెచ్‌డీ డిగ్రీ ఎసీఎస్ఐఆర్ అనే అకాడమీ ఇస్తుంది. అక్కడ పల్లె సమస్య మీద ఆరు నుంచి ఎనిమిది వారాల ప్రాజెక్టూ చేయాలి. ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లకి ఆ పని సులువు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పద్ధతి వేరు: ఏడాది ఎంరెస్ (పరిశోధన మాస్టర్స్), తర్వాత మూడేళ్ల పీహెచ్‌డీ, వేర్వేరు శాఖల గైడ్లు.

సీఎస్ఐఆర్ నెట్ పరీక్షతో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసేవారికి కెమిస్ట్రీ భాగం 25 మార్కులకి తప్పనిసరి. ఏ విభాగం ఏ సబ్జెక్ట్ స్కోరు తీసుకుంటుందో ప్రకటనలో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

కులధ్రువీకరణ దగ్గర మన ఇళ్లలో చాలామంది తడబడతారు. ఆంధ్రలో బీసీ అయిన కులం ఒడిశా జాబితాలో ఉంటుందన్న హామీ లేదు. జాబితాలు రాష్ట్రాలవారీ. ఒడిశాలో ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) కాగితం రాష్ట్ర అవసరాలకి. కేంద్ర సంస్థలకి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కాగితం వేరుగా తహసీల్ నుంచి తీసుకోవాలి. ప్రకటన వచ్చాక కాదు, రెండు నెలల ముందే.

ఇద్దరు గైడ్లు

సంస్థ పేరు కంటే ఇది ముఖ్యం. ఒకరు కెమిస్ట్రీ, ఒకరు బయాలజీ అయితే చేరేముందే ఆ లాబ్ సీనియర్లని విడిగా అడగండి: గైడ్లిద్దరూ కలిసి కూర్చునేది ఎన్నాళ్లకోసారి? మీకు బల్ల ఏ లాబ్‌లో? కణాల పెంపకం నేర్పేది ఎవరు? రసాయనాల ఖర్చు ఏ గ్రాంటు నుంచి? ఈ నాలుగో ప్రశ్నకి తడబాటు కనిపిస్తే జాగ్రత్త పడండి. ఇద్దరిలో ఎవరూ ఖర్చు పెట్టని ప్రాజెక్టు నడుమ ఆగిపోతుంది.

యూజీసీ 2022 నిబంధనల్లో కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, పీహెచ్‌డీ గడువు మూడు నుంచి ఆరేళ్లు. కోర్స్‌వర్క్‌లో మీకు రాని శాఖ పేపర్లే ఎంచుకోండి, మార్కులు తగ్గినా సరే. రొటేషన్ (గైడ్‌ని ఎంచుకునే ముందు కొన్ని లాబుల్లో కొన్నాళ్లు పనిచేయడం) ఉన్నచోట ఒకటైనా బయటి శాఖలో చేయండి. ప్రతి మూడు నెలలకి ఇద్దరు గైడ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒప్పుకున్నవి ఒక పేజీ రాసి, అదేరోజు ఇద్దరికీ మెయిల్ పంపండి. గైడ్‌ని మార్చుకోవాలనిపిస్తే మొదటి ఏడాదిలోనే అడగాలి. అప్పుడు ఆ మెయిళ్లే మీ వైపు మాట్లాడతాయి.