సువార్త బోధను సేవలోను ప్రార్థనలోను ఆచరించే విధానం

అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో క్రైస్తవ సంఘం చేపట్టదగిన తొలి సేవ చలివేంద్రం. మత్తయి సువార్త 10వ అధ్యాయం 42వ వచనంలో గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడని యేసు చెప్పిన మాటకు అంతకంటే దగ్గరి ఆచరణ నాకు తోచదు. బస్సు దిగిన కూలీలు ఆగే చోట పందిరి వేయాలి. కుండలను రోజూ కడిగి, శుద్ధిచేసిన నీటితో నింపి, మూతపెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టాలి. ఎవరూ చేతులు ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో ఒకరే నీళ్లు పోయాలి. వచ్చినవారి కులమతాలు అడగరాదు. నీళ్లకు బదులుగా ప్రసంగం వినమని కోరడం సేవను బేరంగా మారుస్తుంది.

ప్రార్థన విషయంలో మత్తయి 6వ అధ్యాయాన్ని అనుసరించండి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని అక్కడ ఉంది. ఒకే గది ఉన్న ఇంట్లో అది కుదరకపోతే, తెల్లవారుజామున మిద్దెపైన ఒంటరిగా కూర్చున్నా చాలు. విస్తరించి పలకకుండా, ముందురోజు మీరు చూసిన ఒక్క మనిషి అవసరాన్ని దేవుని ముందుంచి, అందులో మీరు చేయగలిగినదేమిటో అడగండి.

లూకా 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని సమరయుడు (సమరయ ప్రాంతవాసి), దొంగలు కొట్టి దారిలో విడిచిపోయిన మనిషి గాయాలు కట్టి ఊరుకోలేదు. అతణ్ణి చూసుకొమ్మని పూటకూళ్లవానికి రెండు దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే మరల వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. అందుచేత కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో రోగిని పరామర్శించినవారు, అతడు ఇల్లు చేరిన వారానికి మందులు అందుతున్నాయో లేదో మళ్లీ వెళ్లి చూడాలి.