రికవరీ పదాల భద్రత - 4: పరాయి కంట పడిన పదాలు

కాగితం తడికీ చెదలకూ ఆగదు కనుక క్రిప్టో వాలెట్‌ను తిరిగి తెరిచే రికవరీ పదాలను, అంటే ఆ పన్నెండు ఇంగ్లిషు పదాలనూ, స్టీలు పలక మీద చెక్కుకొమ్మని గత పాఠంలో రాశాను. ఆ తరువాత అందిన ఉత్తరాలు చూసి, ఈసారి చెప్పదలచిన పాస్‌ఫ్రేజ్ (ఆ పదాలకు తోడుగా మనమే పెట్టుకునే అదనపు రహస్యం) పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. నల్లగొండ పాఠకులొకరు పలకను స్టీలు సామాన్ల దుకాణానికి తీసుకెళ్లి, పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుతోనే పదాలు కొట్టించారు. చూసి కొట్టడానికి ఇచ్చిన చీటీ ఆ బల్ల మీదే ఉండిపోయింది. మిర్యాలగూడ నుంచి రాసినవారు పదాలను దుకాణదారుకు వాట్సాప్‌లో పంపారు.

దుకాణదారు మంచివాడే కావచ్చు, కానీ ఆయన ఫోను సంగతి ఆయనకే తెలియదు. గ్యాలరీలోని ఫొటోల్లో అక్షరాలను చదివి రికవరీ పదాలను ఏరుకునే స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్‌ను (హాని చేసే ప్రోగ్రామును) 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ బయటపెట్టింది. గూగుల్ ప్లేలోనూ, యాపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌లలో అది దొరికింది. పదాలు చేజిక్కినవారికి మీ ఫోనుతో గానీ, పిన్‌తో గానీ పని లేదు. అందువల్ల పరాయి కంట పడిన పదాలను వదిలేసి, సొమ్మును కొత్త పదాల కిందికి మార్చుకోవడమొక్కటే మార్గం.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. యాప్‌లో ‘యాడ్ అకౌంట్’ నొక్కి, కొత్త అడ్రస్ (సొమ్ము అందుకునే చిరునామా) కనబడగానే కొత్త వాలెట్ వచ్చిందనుకుంటున్నారు. సాధారణంగా ఆ అడ్రస్ కూడా పాత పన్నెండు పదాల నుంచే పుడుతుంది. అలాంటి అకౌంట్లు వంద తెరిచినా తాళంచెవి అదే. పిన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసినా, ఫోనే మార్చినా, పాత పదాలతో తెరిచినంతకాలం అది పాత వాలెట్టే. ‘క్రియేట్ న్యూ వాలెట్’ నొక్కినప్పుడు యాప్ కొత్తగా పన్నెండు పదాలు చూపించి, వాటిని రాసుకొమ్మని అడగాలి. అడగకపోతే అక్కడే ఆగండి.

కొత్త పదాలను మీ చేత్తోనే పలకకు ఎక్కించండి. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే ఇంగ్లిషు అక్షరాల పంచ్ సెట్టు, సుత్తి చాలు. రికవరీ పదాలను ఎంచే బిప్-39 అనే ప్రామాణిక ఇంగ్లిషు జాబితాలోని 2048 పదాలలో ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు కనుక నేను నాలుగేసి అక్షరాలే కొడతాను. పన్నెండు పదాలకు 48 అక్షరాలు మించవు. వరుస సంఖ్య మాత్రం తప్పనిసరి. తెలుగు లిపిలో రాస్తే ఎవరికీ అర్థం కాదని ఒకరు సూచించారు. అది వద్దు. ‘రైట్’ అని రాస్తే ఆర్‌తో మొదలయ్యేదో, డబ్ల్యూతో మొదలయ్యేదో రేపు మీకే తెలియదు, ఆ రెండూ జాబితాలో ఉన్నాయి.

మార్చేటప్పుడు ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని చూసుకున్నాకే మిగతాది పంపండి. ఎథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద ఉన్న టోకెన్లను ముందు పంపి, ఫీజు కట్టడానికి వాడే దాని సొంత నాణెం ఈథర్‌ను చివర కదిలించండి; ఈథర్ ముందే ఖాళీ అయితే టోకెన్లు పంపడానికి ఫీజు కట్టలేరు.

అభ్యాసం: కొత్త వాలెట్‌లో చిన్న మొత్తం మాత్రమే ఉండగా దాని అడ్రస్‌ను రాసిపెట్టుకొని, వాలెట్‌ను పూర్తిగా చెరిపేసి, కాగితం వంక చూడకుండా పలకను మాత్రమే చూసి అదే యాప్‌లో తిరిగి తెరవండి. అడ్రస్ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే పెద్ద మొత్తాన్ని కదిలించండి. కలవకపోతే పాత వాలెట్ నుంచి ఆ చిన్న మొత్తానికి మించి ఏదీ పంపకుండా, ఇంకొక కొత్త వాలెట్‌తో మొదటి నుంచి చేయండి.